చెరుకు లెక్కలో ముందు దిక్కులు, ఆ తర్వాతే సమీకరణాలు

చెరుకు కాటా దగ్గర రైతు చేతికి వచ్చే చీటీని ఒకసారి గుర్తు చేసుకోండి. దాని మీద బరువు ఒక్కటే ఉండదు. ఏ ఊరు, ఏ రకం, మొక్క తోటా కార్శి తోటా, ఏ తారీఖు అన్నవి కూడా ఉంటాయి. బరువు మాత్రం ఉంచి మిగతావన్నీ చెరిపేస్తే 12.4 అనే అంకె మిగులుతుంది. అది ఎవరి చేనుదో, ఎప్పుడు కోసిందో తెలియదు. దాన్ని దేనితో కూడాలో, దేనితో భాగించాలో అంతకన్నా తెలియదు.

బహుమితీయ డేటా మోడల్ అని కంప్యూటర్ వాళ్ళు పిలిచే సంగతి ఈ చీటీ దగ్గరే మొదలవుతుంది. దాన్ని నేర్చుకునే పిల్లలు చాలామంది నేరుగా సమీకరణాల మీద పడతారు. ఫలానా దాన్ని ఫలానా దానితో భాగిస్తే జవాబు వచ్చేసిందనుకుంటారు. సమీకరణం తప్పుగా రాయడం వల్ల వచ్చే పొరపాట్లకన్నా, ఏ అంకెకు ఏ దిక్కులున్నాయో ముందే చెప్పుకోకపోవడం వల్ల వచ్చే పొరపాట్లే ఎక్కువ. ఆ మాటను మన నిజామాబాద్, బోధన్ చెరుకు లెక్కతోనే నిదానంగా చూద్దాం.

ఈ లెక్కకు బోధనే ఎందుకు?

మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ కాలువ నీళ్ళు అందాక ఈ నేల చెరుకు నేల అయింది. 1937లో నిజాం ప్రభుత్వం బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పెట్టింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. వర్ని దగ్గరి రుద్రూర్‌లో చెరుకు, వరి పరిశోధన కేంద్రం ఉంది. చేను, కాలువ, కాటా, మిల్లు, పరిశోధన కేంద్రం అన్నీ ఒక్క చోటే ఉన్న ప్రాంతం ఇది. ఒకే చెరుకును ఇన్ని వైపుల నుంచి లెక్కపెట్టిన చోటు కాబట్టి, ఒక అంకెకు ఎన్ని దిక్కులుంటాయో చూడడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తోచలేదు.

డైమెన్షన్ అంటే ఏమిటి?

త్రిమితీయ బొమ్మ అంటాం కదా, అందులోని మితే డైమెన్షన్, ఇక్కడ దిక్కు అంటున్నదీ దాన్నే. పొడవు, వెడల్పు, ఎత్తు చెబితే గదిలో ఒక బిందువు దొరుకుతుంది. అలాగే ఊరు, రకం, తారీఖు, మిల్లు చెబితే లెక్కలో ఒక గడి దొరుకుతుంది. ఆ గడిలో ఉండేది అంకె. గడి దాకా దారి చూపించేవి డైమెన్షన్లు. ఊరు అనే డైమెన్షన్‌లో ఎడపల్లి, రెంజల్, కోటగిరి విలువలు. రకం అనే డైమెన్షన్‌లో కో 86032 ఒక విలువ.

గుర్తుపట్టడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. ఒక మాట ముందు ‘ప్రతి’ అని చేర్చి చూడండి. ప్రతి ఊరికి, ప్రతి రకానికి, ప్రతి రోజుకు అంటే అర్థవంతంగా ఉంది కనుక అవి డైమెన్షన్లు. ‘ఎంత’ అని అడిగితే వచ్చే జవాబు కొలత. బరువెంత, చక్కెర ఎంత, సొమ్మెంత అన్నవి కొలతలు.

ఈ ఆలోచన కొత్తది కాదు. ఎక్స్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ 1970 నాటిది, 1995లో దాన్ని ఒరాకిల్ కొనుక్కుంది. డేటాబేస్ పట్టికలకు సిద్ధాంతం ఇచ్చిన ఎడ్గర్ కాడ్ 1993లో ఈ రకం విశ్లేషణకు ఓలాప్ అనే పేరు పెట్టాడు. పేర్లు మారుతూ వచ్చాయి, క్రమశిక్షణ మాత్రం మారలేదు. ముందు డైమెన్షన్లు ప్రకటించాలి, ఆ తర్వాత కొలతలు, చివర సమీకరణాలు.

ఏ కొలతకు ఏ డైమెన్షన్లు? ఎలా తేల్చాలి?

ఆ కొలతను ఎక్కడ, ఎలా కొలిచారని అడగాలి. అసలు కీలకం ఇక్కడే ఉంది. మన లెక్కకు ప్రకటనలు ఇలా రాసుకుందాం:

చెరుకు బరువు : మిల్లు, ఊరు, రకం, తారీఖు
చక్కెర ఉత్పత్తి : మిల్లు, తారీఖు
ఆధార ధర : సీజన్

చెరుకును కాటా మీద బండి బండికీ తూస్తారు కాబట్టి బరువుకు నాలుగు దిక్కులూ ఉన్నాయి. చక్కెర సంగతి వేరు. ఎడపల్లి చెరుకైనా రెంజల్ చెరుకైనా ఒకే మిల్లులో పడితే రసం కలిసిపోతుంది. చివరికి బస్తాల్లోకి వచ్చే చక్కెర మీద ఏ ఊరి పేరూ ఉండదు. అందుకని చక్కెరకు ఊరు అనే డైమెన్షన్ లేదు. మనం మరిచిపోయినందువల్ల కాదు, కొలత స్వభావమే అంత. కేంద్రం ప్రకటించే ఆధార ధర దేశమంతటికీ ఒక్కటే, సీజన్‌ను బట్టి మాత్రమే మారుతుంది. కాబట్టి దానికి సీజన్ ఒక్కటి చాలు.

ఇది గమనించకుండా ఎవరైనా ‘ఊరువారీగా చక్కెర’ అడిగారనుకోండి. మిల్లు ఆ రోజు 200 టన్నుల చక్కెర తీసింది, 40 ఊళ్ళ చెరుకు వచ్చింది. చక్కెరకు ఊరు లేదు కాబట్టి యంత్రం ఆ 200నే ప్రతి ఊరి ఎదుటా రాసిపెడుతుంది. వాటిని కిందికి కూడితే 8,000 టన్నులు! సమీకరణంలో అక్షరం తప్పు లేదు. కంప్యూటర్ కూడా తప్పు చేయలేదు. లేని దిక్కును ఉందనుకున్నది మనమే.

ఊరువారీ రికవరీ, అంటే చెరుకు బరువులో చక్కెర శాతం, నిజంగా కావాలంటే దారి ఉంది. ప్రతి లోడు నుంచి చెరుకు నమూనా తీసి, రసంలోని తీపిని విడిగా కొలవాలి. అప్పుడు ఆ కొలతకు ఊరు అనే డైమెన్షన్ హక్కుగా వస్తుంది. చేలో, కాటా దగ్గర కొలవని దాన్ని కాగితం మీద భాగహారంతో పుట్టించలేం.

సమీకరణం ఎలా రాయాలి?

స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో గడికీ సూత్రం రాసి కిందికి లాగుతాం. కొత్త వరుస చేరితే మళ్ళీ లాగాలి, ఒక్క గడి తప్పినా పట్టుకోవడం కష్టం. బహుమితీయ మోడల్‌లో సూత్రం గడికి కాదు, పేరుకు రాస్తాం:

రికవరీ = చక్కెర ÷ చెరుకు బరువు × 100

ఇది ఒక్కసారి రాస్తే ప్రతి మిల్లుకు, ప్రతి తారీఖుకు వర్తిస్తుంది. రేపు కొత్త మిల్లు చేరినా సూత్రం ముట్టుకోనక్కరలేదు. సగం పని ప్రకటనే చేసిపెట్టింది.

అయితే రెండు వైపుల దిక్కులూ సరిచూసుకోవాలి. ఎడమ వైపు రికవరీకి మిల్లు, తారీఖు ఉన్నాయి. కుడి వైపు చెరుకు బరువుకు ఊరు, రకం అదనంగా ఉన్నాయి. ఆ అదనపు దిక్కులను ఏం చేయాలో మనమే చెప్పాలి. ఇక్కడ జవాబు, అన్ని ఊళ్ళ మీదా అన్ని రకాల మీదా కూడాలి. అది చెప్పకపోతే కొన్ని సాఫ్ట్‌వేర్లు వరుసలో మొదట ఉన్న ఊరి బరువునే తీసుకుని భాగించేస్తాయి. ఎడమన లేని దిక్కు కుడివైపున ఉందంటే కూడాలా, చివరిది తీసుకోవాలా, పెద్దది తీసుకోవాలా అన్నది తేల్చనిదే ఆ సమీకరణం పూర్తి కానట్టే.

ఇక రైతు సొమ్ము దగ్గరికి వద్దాం. 2025-26 సీజన్‌కు కేంద్రం ప్రకటించిన ధర, 10.25 శాతం రికవరీ మీద క్వింటాలుకు 355 రూపాయలు. ఆ పైన ప్రతి 0.1 శాతానికి 3.46 రూపాయలు పెరుగుతుంది, ఆ కింద అంతే తగ్గుతుంది. రికవరీ 9.5 శాతానికి పడిపోతే తగ్గడం అక్కడితో ఆగుతుంది. అప్పుడు దక్కేది 329.05 రూపాయలు. దీన్ని ఒకే వాక్యంలో ఇలా రాయొచ్చు:

ధర = ఆధార ధర + పాయింటు రేటు × (రికవరీ, 9.5 రెంటిలో పెద్దది − 10.25)

పాయింటు రేటు అంటే ఒక్క శాతానికి 34.60. సరిచూద్దాం. రికవరీ 9.5 అయితే బ్రాకెట్‌లో −0.75. దాన్ని 34.60తో హెచ్చవేస్తే −25.95. 355లోంచి అది పోతే 329.05. సరిపోయింది.

సమీకరణంలో 355 అని రాయలేదు, ఆధార ధర అని రాశాం. 2024-25లో ఆ ధర 340, పాయింటు రేటు 33.20. రెంటికీ సీజన్ డైమెన్షన్ ఉంది కాబట్టి అంకెలు సీజన్ గడుల్లో కూర్చుంటాయి. సమీకరణంలోనే 355 రాసేస్తే పై ఏడు దాన్ని మార్చాలి. మార్చగానే వెనకటి సీజన్ లెక్కలన్నీ కొత్త ధరతో మారిపోతాయి. కాలంతో మారే అంకె గడిలో ఉండాలి, కాలంతో మారని సంబంధం సమీకరణంలో ఉండాలి.

రికవరీల సగటు ఎందుకు తీయకూడదు?

ఒక రోజు మిల్లు 1,000 టన్నుల చెరుకు ఆడింది, రికవరీ 9.0. మరునాడు 3,000 టన్నులు ఆడింది, రికవరీ 10.2. రెండు రోజులకూ కలిపి ఎంత? రెండూ కూడి సగం చేస్తే 9.6. అది తప్పు. మొదటి రోజు చక్కెర 90 టన్నులు, రెండో రోజు 306. మొత్తం 396ను 4,000తో భాగిస్తే 9.9.

ఆ 0.3 తేడా ఎంత దూరం పోతుందో చూడండి. 9.6 మీద ధర 332.51, 9.9 మీద 342.89. క్వింటాలుకు 10.38 రూపాయల తేడా. 50 టన్నులు తోలిన రైతుకు అది 5,190 రూపాయలు.

కాబట్టి పై మెట్టుకు పోయేటప్పుడు బరువునూ చక్కెరనూ వేర్వేరుగా కూడి, ఆ తర్వాతే భాగించాలి. ప్రతి కొలతకూ అది పైకి ఎలా ఎక్కుతుందో ప్రకటనలోనే రాసిపెట్టుకోవాలి. బరువు కూడికతో ఎక్కుతుంది. రికవరీ కూడికతో ఎక్కదు, ఎక్కిన చోటల్లా మళ్ళీ లెక్కకట్టాలి. గోదాము నిల్వ మూడో రకం. ఊళ్ళ గోదాముల నిల్వలు కూడొచ్చు గానీ, జనవరి నిల్వనూ ఫిబ్రవరి నిల్వనూ కూడితే అర్థం లేదు. కాలం మీద దానికి చివరి అంకె మాత్రమే చెల్లుతుంది.

బోధన్ అని రాస్తే యంత్రానికి ఏ బోధన్ అని తెలిసేదెలా?

2002లో నిజాం షుగర్స్‌కు చెందిన బోధన్, మెట్‌పల్లి, మెదక్ యూనిట్లు ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయాయి. ఆ మూడింటినీ కలిపే సమీకరణం ఇలా రాస్తారు:

మూడు యూనిట్లు = బోధన్ + మెట్‌పల్లి + మెదక్

ఈ సమీకరణం కొలతల పేర్లకు కాదు, ఒక డైమెన్షన్‌లోని విలువలకు రాసింది. అది పూర్తిగా చెల్లుతుంది. కానీ బోధన్ మిల్లు పేరు మాత్రమే కాదు, మండలం పేరు, రెవెన్యూ డివిజన్ పేరు, అసెంబ్లీ నియోజకవర్గం పేరు కూడా. మెట్‌పల్లి, మెదక్ కూడా మండలాల పేర్లే. పైగా మెట్‌పల్లి యూనిట్ ఉన్నది ముత్యంపేటలో, మెదక్ యూనిట్ ఉన్నది మంబోజిపల్లిలో.

అందుకే మోడల్ నెత్తిన, సమీకరణాలకన్నా ముందు, ఈ మోడల్ ఏ డైమెన్షన్ల మీద నడుస్తుందో ప్రకటించాలి. ఒరాకిల్ ఓలాప్ మోడల్‌లో ఈ ప్రకటన తర్వాతే సమీకరణాలు రావాలి. ఒక పేరు ఎదురైతే యంత్రం ఆ జాబితాను వరుసగా వెతుకుతుంది, మొదట ఎక్కడ దొరికితే అక్కడితో ఆగుతుంది. జాబితాలో మండలం ముందుండి మిల్లు తర్వాత ఉంటే, మిల్లు అనుకుని రాసిన బోధన్ మండలమై కూర్చుంటుంది. ఏ హెచ్చరికా రాదు. మిల్లుల లెక్కకు మిల్లు డైమెన్షన్ మాత్రమే ప్రకటించండి. లేదా విలువలకే వేర్వేరు పేర్లు పెట్టండి: బోధన్ మిల్లు, బోధన్ మండలం.

సమీకరణాలు ఏ వరుసలో రాయాలి?

మామూలు ప్రోగ్రాంలో పై వాక్యం ముందు జరుగుతుంది, కింది వాక్యం తర్వాత. మోడల్ అట్లా కాదు. ఏది దేని మీద ఆధారపడిందో చూసి యంత్రమే వరుస తేలుస్తుంది. రైతు సొమ్ము సమీకరణం పైన, ధర సమీకరణం కింద రాసినా ముందు ధరనే లెక్కకడుతుంది. రాసేవాళ్ళు చదివేవాళ్ళకు తేలికయ్యే వరుసలో రాస్తే చాలు.

అయితే సమీకరణాలు మూడు గుంపులుగా పడతాయి. మొదటిది సూటి గుంపు. ధర, దాని మీద సొమ్ము, దాని మీద మొత్తం ఖర్చు.

రెండోది మెట్ల గుంపు:

నిల్వ = నిన్నటి నిల్వ + చక్కెర − అమ్మకం

నిల్వ తన మీద తానే ఆధారపడినట్టు కనిపిస్తుంది గానీ, అది నిన్నటి తన మీద. తారీఖును వరుస ఉన్న డైమెన్షన్‌గా ప్రకటిస్తే యంత్రం మొదటి రోజు నుంచి ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోతుంది. తారీఖులు చిందరవందరగా ఉంటే నిన్న అన్న మాటకే అర్థం ఉండదు.

మూడోది ముడిపడిన గుంపు. చెరుకు నియంత్రణ ఉత్తర్వు, 1966 ప్రకారం చెరుకు అందిన 14 రోజుల్లో రైతుకు సొమ్ము ఇవ్వాలి. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి. ఒక మిల్లు సకాలంలో చెల్లించడానికి అప్పు తెచ్చుకుందనుకుందాం. రైతులకు 100 లక్షలు పూర్తిగా అందాలి. బ్యాంకు 10 శాతం వడ్డీ ముందే పట్టుకుంటుంది.

అప్పు = 100 + వడ్డీ
వడ్డీ = అప్పు × 0.10

అప్పుకు వడ్డీ కావాలి, వడ్డీకి అప్పు కావాలి. ఏది ముందు? యంత్రం వడ్డీని సున్నా అనుకుని మొదలుపెడుతుంది. అప్పు 100, వడ్డీ 10. మళ్ళీ అప్పు 110, వడ్డీ 11. తర్వాత అప్పు 111, ఆ తర్వాత 111.1, ఆ తర్వాత 111.11. తేడా లెక్కలోకి రానంత చిన్నదయ్యాక ఆగుతుంది. ప్రతి చుట్టుకూ తేడా పదోవంతు అవుతోంది కాబట్టి ఇది నిలకడకు వచ్చింది. చుట్టుచుట్టుకూ తేడా పెరిగే సమీకరణాలైతే ఎన్ని తిప్పినా నిలవవు. మీ మోడల్‌లో ముడి ఉందని యంత్రం చెప్పినప్పుడు, అది నిజంగా వ్యవహారంలో ఉన్న ముడేనా లేక రాతలో పడిన పొరపాటా అని ముందు చూసుకోండి.

జిల్లా మారితే లెక్క ఏమవుతుంది?

2016 అక్టోబర్ 11న నిజామాబాద్ నుంచి కామారెడ్డి వేరు జిల్లా అయింది. బాన్సువాడ అటు పోయింది, వర్ని, కోటగిరి ఇటు ఉండిపోయాయి. చెరుకు బరువుకు జిల్లాను కూడా ఒక డైమెన్షన్‌గా ప్రకటించి ఉంటే ఆ రోజు గడులన్నీ చెదిరిపోయేవి. ఊరు ఎక్కడికీ పోలేదు, మారినది ఊరికీ జిల్లాకూ ఉన్న సంబంధం. కాబట్టి కొలతను ఊరి మీదే ఉంచి, ఊరు నుంచి మండలానికి, మండలం నుంచి జిల్లాకు ఉన్న సంబంధాన్ని విడిగా ప్రకటించాలి. పాత జిల్లా ప్రకారం ఒక సంబంధం, కొత్త జిల్లా ప్రకారం మరొకటి ఉంచుకుంటే, 2010 నాటి చెరుకును 2020 నాటి హద్దుల ప్రకారం కూడి చూడొచ్చు.

కాలానికీ ఇదే పద్ధతి. చక్కెర సీజన్ అక్టోబర్ 1న మొదలై సెప్టెంబర్ 30న ముగుస్తుంది. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. 2025 ఏప్రిల్ నెల 2024-25 సీజన్‌లోనిదే, 2025-26 ఆర్థిక సంవత్సరంలోనిదే. తారీఖు ఒక్కటే, దాని మీద రెండు నిచ్చెనలు.

ఖాళీ గడిలో సున్నా రాయాలా?

150 ఊళ్ళు, 5 రకాలు, 365 రోజులు అనుకుంటే గడులు 2,73,750. మిల్లు ఆడేది కొన్ని నెలలే. ఒక్కో ఊరి నుంచి బండ్లు వచ్చేది ఆ నెలల్లో కొన్ని రోజులే. ఎక్కువ గడులు ఖాళీ. అందుకే ఈ సాఫ్ట్‌వేర్లలో నిజంగా ఉన్న జతలనే దాచుకునే ఏర్పాటు ఉంటుంది. ఏ దిక్కులు పలచనో ప్రకటనలోనే చెబితే నిల్వకు జాగా తగ్గుతుంది, లెక్కకు సమయమూ తగ్గుతుంది.

ఖాళీ వేరు, సున్నా వేరు. బోధన్ మిల్లు 2015 డిసెంబర్‌లో మూతపడింది. 2017లో దాని చక్కెర ఉత్పత్తి ఎంత? సున్నా. అది తెలిసిన నిజం, సున్నా అనే రాయాలి. అదే ఏడు దాని రికవరీ ఎంత? సున్నాను సున్నాతో భాగించలేం కనుక అది ఖాళీ. అక్కడ సున్నా అని రాస్తే, ఈ నేల చెరుకులో తీపే లేదని రాసినట్టు. నడవనిది మిల్లు. చెరుకు తప్పేమీ లేదు.

చివరగా ఒక జాగ్రత్త. మూతపడిన మిల్లును జాబితాలోంచి తీసేద్దామని లెక్క చూసేవాళ్ళకు అనిపించవచ్చు. డైమెన్షన్‌లోంచి ఒక విలువను తొలగిస్తే, ఆ విలువ మీద ఆధారపడిన గడులన్నీ దానితోపాటే పోతాయి. తొలి సీజన్లు మొదలు అది ఆడిన చెరుకు, తీసిన చక్కెర, ఊరూరికీ పంచిన సొమ్ము అన్నీ. మిల్లును మళ్ళీ తెరవాలని ఈ ప్రాంతం అడుగుతూనే ఉంది. తెరిచిన రోజు పోల్చి చూసుకోవడానికి ఆ పాత గడులే కావాలి. అందుకని మిల్లు డైమెన్షన్‌లో బోధన్‌ను అలాగే ఉంచండి. ఉత్పత్తి దగ్గర సున్నా రాయండి, రికవరీ గడిని ఖాళీగా వదలండి.